జూమ్ లేని కెమెరాతో నర్సీపట్నం

నర్సీపట్నం రోడ్

స్టేషను పేరు నర్సీపట్నం రోడ్. దిగి చుట్టూ చూస్తే నర్సీపట్నం ఎక్కడా ఉండదు. ఊరు చేరాలంటే అక్కణ్ణుంచి ఇంకో గంట ప్రయాణం. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అయినా పాసింజరు దిగి ఎండలో నిలబడగానే చిరాకేసింది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నిటిమీదా చిరాకే. ఒకచోట కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచేది కాదు.

కారణం నా కుడిభుజం. కాకినాడలో పందొమ్మిదేళ్ళుగా పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తున్నాను. రెండు పెద్ద కెమెరాలు, మూడు లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు అన్నీ భుజానికి వేలాడదీసుకుని పొద్దున మంగళస్నానం నుంచి అప్పగింతల దాకా నిలబడే ఉంటాను. పోయిన మాఘమాసంలో ఒక పెళ్ళిలో తలంబ్రాల వేళకి చెయ్యి పైకి లేవలేదు. డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఆ బరువు మోయడం మానాలమ్మా. లేకపోతే జడ కూడా వేసుకోలేవు" అన్నారు.

మా ఆయన ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. ఈ ఆలోచన ఆయనదే. పెద్ద కెమెరాలు రెండూ అమ్మేసి, గుప్పెట్లో పట్టే ఖరీదైన చిన్న కెమెరా ఒకటి కొంటే? విజయవాడలో ఒక షాపువాళ్ళు అలాంటిది నాలుగు రోజులకి అద్దెకిచ్చారు. బరువు అరకిలో. లోపలి సెన్సర్ మాత్రం నా పెద్ద కెమెరాలో ఉన్నంతదే. ఒకటే లెన్సు, అది ఊడిరాదు, జూమ్ లేదు. దగ్గరగా చూడాలంటే మనమే దగ్గరికి నడవాలి.

నాలుగు రోజుల్లో తేల్చుకోవాలి. నర్సీపట్నంలో పాత క్లయింటు ఒకావిడ కూతురికి ఓణీల ఫంక్షన్ ఉంది. ఆ పని చేసి, మిగతా రోజులు ఆ చుట్టుపక్కల తిరిగి, కెమెరా సంగతి చూద్దామని బయల్దేరాను.

షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నాయన నా సంచి వైపు చూసి, "ఒక్క సంచితోటే ఒచ్చీసావా తల్లీ, ఊరేటి?" అన్నాడు. కాకినాడ అన్నాను. "అయితే కాజాలు తేలేదేటి?" అని ఆటో అంతా నవ్వించాడు. మా వైపు ముక్కూముఖం తెలియని మనిషిని ఇలా అడగరు, ఓరకంట చూసి ఊరుకుంటారు. ఇక్కడ ఆటో దిగేలోగా నా పిల్లలెంతమంది, భుజానికి ఏ నూనె రాయాలి అన్నీ తేలిపోయాయి.

ఓణీల ఫంక్షన్

మర్నాడు ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే పెళ్ళికూతురిలా ముస్తాబైన పిల్ల మేనమామ నన్ను ఎగాదిగా చూశాడు.

"కెమెరా ఏదమ్మా?"

చేతిలోది చూపించాను.

"ఇదేటి, టూరిస్టులది లాగున్నాది! పెద్ద కెమెరా ఎనకాల వస్తున్నాదా?"

రావట్లేదని, ఇదే పెద్దదని చెప్పాను. ఆయన నమ్మలేదు. తర్వాత గంటసేపు నా వెనకాలే తిరిగాడు. ఈ కెమెరా మొదటి లోపం నాకు అక్కడే తెలిసింది. దీన్ని చూసి ఎవరూ పక్కకి తప్పుకోరు. నా పాత కెమెరాకి అంత పొడుగు లెన్సు తగిలించి నిలబడితే జనం వాళ్ళంతట వాళ్ళే దారిచ్చేవాళ్ళు. ఇప్పుడు ముప్ఫై సెల్‌ఫోన్ల మధ్య ముప్ఫైఒకటోదాన్నయ్యాను. మేనమామ దండ వేసేటప్పుడు నా ముందు పది మోచేతులున్నాయి. దూరం నుంచి లాగడానికి జూమ్ లేదు. వంగి, ఒకావిడ చంక కిందినుంచి దూరి, వేదిక మెట్టు మీద మోకాలు ఆనించి కూర్చున్నాను.

అక్కడ, రెండడుగుల దూరంలో, పిల్ల మొహం. వడ్డాణం నొక్కుతోందేమో, కింది పెదవి పంటితో పట్టుకుని, ఎవరూ చూడట్లేదనుకుని కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. నేను నొక్కాను. చప్పుడే లేదు. పిల్లకి తెలియలేదు, పక్కనున్న వాళ్ళమ్మకీ తెలియలేదు. తర్వాత ఆ ఫొటో చూసి వాళ్ళమ్మ వెళ్ళి పిల్ల వడ్డాణం వదులు చేసింది. పందొమ్మిదేళ్ళలో నేను అంత దగ్గరగా ఎవర్నీ తీయలేదు. పెద్ద లెన్సుతో దూరం నుంచి తీసేదాన్ని, నా నీడ కూడా వాళ్ళ మీద పడేది కాదు.

కానీ అమ్మమ్మ అక్షింతలు వేసే సమయానికి బ్యాటరీ అయిపోయింది. ఇంత ఖరీదైన వస్తువుకి అగ్గిపెట్టె అంత బ్యాటరీ. మార్చి తలెత్తేసరికి అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టేశారు.

"మా అమ్మ దీవించినప్పుడు ఒక్కటీ లేదేటమ్మా?" అని పిల్ల తల్లి అడిగితే ఏం చెప్పను? మళ్ళీ వేయించి తీశాను. పెద్దావిడ రెండోసారి నవ్వుతూ వేసింది గానీ అది ఫొటో కోసం వేసినట్టే ఉంది.

ఇంకోమాట. కాకినాడలో ఫొటోగ్రాఫరు భోజనం ఆఖరి బంతిలో, గిన్నెల అడుగున ఏం మిగిలితే అది. ఇక్కడ ఆ మేనమామే, నన్నంత అనుమానించినాయనే, చెయ్యి పట్టుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టాడు. "పనిసేసేవోళ్ళు ముందు తినాల" అని రెండు బూరెలు వేసి, నేతి గిన్నె పక్కనే పెట్టించాడు. రెండో బూరె తినేలోగానే లేవాలనిపించింది. ఆయన లేవనివ్వలేదు.

రోలుగుంట వైపు

మూడోరోజు పొద్దున్నే రోలుగుంట ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు. జీడిమామిడి కోతల కాలం, దారంతా తోటల్లోంచి పులిసిన పండు వాసన. రోలుగుంటకి కాస్త ముందు రోడ్డు పక్క ఒక రేకుల షెడ్డు, లోపల టకటకమని చప్పుడు. ఆటో ఆపించి దిగిపోయాను.

లోపల ఎనిమిదిమంది ఆడవాళ్ళు నేలమీద కూర్చుని వేయించిన జీడిపిక్కలు కొడుతున్నారు. ఎడమచేత్తో పిక్క పట్టుకోవడం, కుడిచేత్తో చిన్న కొయ్యతో ఒక్క దెబ్బ, పప్పు ఇటు, చెక్కు అటు. షెడ్డులో వెలుతురు అంతంతమాత్రం. నా పెద్ద కెమెరా అయితే ఫ్లాష్ వేయాల్సి వచ్చేది. దీని లెన్సు వెలుతురు ఎక్కువ లాగుతుంది, గుమ్మంలోంచి వచ్చేదే సరిపోయింది. ముఖాల మీద చెమట, కొయ్య అంచున నలుపు, గాల్లో తేలే పొట్టు అన్నీ పడ్డాయి. కాకపోతే స్క్రీన్ వంగదు కాబట్టి నేనే నేలకి వంగాను. భుజం బతికింది, నడుం పోయింది.

వాళ్ళలో పెద్దావిడ పేరు సన్యాసమ్మ. అరవై దాటి ఉంటాయి. ఫొటోలు చూపిస్తుంటే మొహం వదిలేసి చేతుల దగ్గర ఆగింది. స్క్రీన్ మీద వాటిని పెద్దవి చేసి చూపించాను.

"ఓలమ్మ! ఇంత బాగా అగుపిస్తన్నాయా!" అని తన బొటనవేలు నా ముందు పెట్టింది. "అయితే ఇది తియ్యమ్మా. గీతలున్నాయో లేవో సూసి సెప్పు."

ఎందుకని అడిగాను. మిగతావాళ్ళు పని ఆపేశారు. పక్కన కూర్చున్న అప్పలకొండ అనే ఆవిడ చెప్పింది. జీడిపిక్క చెక్కులోంచి కారే నూనె చేతులకి పడితే చర్మం కాలి పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆముదం రాసుకుంటారు, బూడిద అద్దుకుంటారు, అయినా ఏళ్ళ తరబడి చేస్తే వేళ్ళు నున్నబడిపోతాయి. రేషన్ డీలరు దగ్గర మిషన్ మీద వీళ్ళ వేలిముద్ర పడటం లేదు. ఈ వారంలోగా పడకపోతే కార్డులోంచి పేరు పోతుందని చెప్పారట.

"మూడుసార్లు ఎల్లినాను. ఏలు ఎట్టమంటాడు, ఎర్రలైటు ఎలుగుతాది, పొమ్మంటాడు. నాను నానేనని మిషన్‌కి నమ్మకం లేదు" అంది సన్యాసమ్మ.

ఈ లెన్సు చుట్టూ ఒక రింగు ఉంది. తిప్పితే జానెడు దూరం నుంచి కూడా తీయొచ్చు. ఆమె రెండు చేతులూ గుమ్మం వెలుతురులో పట్టించి, తిప్పితిప్పి తీశాను. బొటనవేళ్ళు పెద్దవి చేసి చూశాం. నల్లటి పగుళ్ళు, మధ్యలో గాజులా నునుపు. గీత అన్నది లేదు.

"ఈ ఫొటో పట్టుకుని నాతోటి డీలరు కాడికి రా అమ్మా. ఆ మిషన్ కన్నా నీదే మంచిది."

"ఫొటో అక్కడ పనికిరాదు పెద్దమ్మా. వాళ్ళ మిషనే ఒప్పుకోవాలి" అన్నాను.

అది నిజమే. కానీ ఆ నిజం చెప్పిన తీరు నాకు నచ్చలేదు. అదే నిమిషంలో రోడ్డు మీద ఆటో హారన్ వినబడితే, నా పని అయిపోయినట్టు సంచి సర్దుకుని లేచాను. ఆమె గుప్పెడు పప్పు కాగితంలో కట్టి నా చేతిలో పెట్టి మళ్ళీ కొయ్య అందుకుంది.

కృష్ణదేవిపేట

కృష్ణదేవిపేటని ఇక్కడందరూ కేడీపేట అంటారు. మన్యం వీరుడి సమాధి ఉన్న ఊరు. ఆ ఆవరణలో చెట్ల నీడలు బాగున్నాయి. ఇద్దరు రైతులు చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడ్డారు. వాళ్ళని తీద్దామని ఎత్తితే రెండో బ్యాటరీ కూడా సున్నా.

ఎదురుగా టిఫిన్ కొట్టు. నడిపే ఆవిడని ఛార్జింగ్ పెట్టుకోనిస్తారా అని అడిగితే ఫ్రిజ్ వైరు తీసి నాది పెట్టింది. వద్దంటే వినలేదు. "డ్రింకులు సల్లారినా మరేటి కాదులే, కూకో" అని నాలుగు తాటిముంజెలు వలిచి పెట్టింది. గంటన్నర కట్టేసినట్టు కూర్చోవాలి. మా ఆయన ఫోన్ చేశారు.

"ఏం తేల్చావు? రేపు రాత్రికి బండెక్కితే ఎల్లుండి షాపులో ఇచ్చెయ్యాలి. మనవి అమ్ముతామంటే బేరం వచ్చింది."

"ఇంకా తేలలేదండీ."

"బాగుందా, బాలేదా? అంతే కదా శారదా."

బాగుంది, బాలేదు. రెండూనూ. ఫోన్ పెట్టేసి, చెయ్యి ఊరుకోక, ఛార్జింగ్ వైరుతోనే కెమెరా ఆన్ చేసి సన్యాసమ్మ చేతుల ఫొటోలు మళ్ళీ తెరిచాను. ఒక్కో వేలూ పెద్దది చేస్తూ పోయాను. కుడిచెయ్యి అయిదూ పోయాయి. ఎడమది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ఉంగరంవేలు మీద అక్కడక్కడ ఏవో ఉన్నాయి. చిటికెనవేలికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

గీతలున్నాయి. గుండ్రంగా, వరసగా, ఎక్కడా తెగకుండా. పిక్క పట్టుకునేటప్పుడు ఆ ఒక్క వేలూ పైకి లేచి ఉంటుంది. నూనె దానికి అంటదు. డీలరు దగ్గర అందరూ బొటనవేలు పెడతారు, కాకపోతే చూపుడువేలు. ఎడమ చిటికెనవేలు పెట్టి చూడాలని ఎవరికి తోస్తుంది? ఆధార్ తీసినప్పుడు పది వేళ్ళూ తీసుకున్నారు కదా.

లేచి రోడ్డు మీదికి వచ్చాను. రోలుగుంట వైపు ఆటో లేదు. ఆ వేళకి షెడ్డు కూడా మూసేసి ఉంటారని టిఫిన్ కొట్టావిడ చెప్పింది. తెల్లవార్లూ నర్సీపట్నం లాడ్జిలో ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

మళ్ళీ జీడి షెడ్డుకి

నాలుగో రోజు పాయకరావుపేట పొద్దున్నే వెళ్ళి, తాండవ నది వంతెన మీంచి తెల్లవారుజాము వెలుతురు తీద్దామనుకున్నాను. అది మానేసి మొదటి ఆటోకే రోలుగుంట దారి పట్టాను.

"మళ్ళా ఒచ్చినావేటమ్మా? ఏటైనా మర్సిపోయావా?" అంది సన్యాసమ్మ.

చిటికెనవేలు చూపించాను. ఆమె స్క్రీన్‌నీ తన వేలినీ మార్చిమార్చి చూసుకుంది. తర్వాత లేచి, కుండలో నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, "పద, బేగి" అంది.

డీలరు సోమునాయుడు గారి దుకాణం రెండు వీధుల అవతల. మేం చెప్పింది విని ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎప్పుడూ ఆ ఏలు ఎట్టలేదండీ." నేను ఒక్కసారి చూడండి అని బతిమాలాను. మొదటిసారి ఎర్రలైటు. సన్యాసమ్మ నా వైపు చూసింది. ఆమె చీర కొంగుతోనే వేలు తుడిచి, దాన్ని పట్టుకుని అద్దం మీద పూర్తిగా ఆనేలా నొక్కాను. మిషన్ కాసేపు ఆలోచించి కూత పెట్టింది. తెరమీద ఆమె పేరు.

"పడిపోనాదండీ!" అన్నారు సోమునాయుడు గారు, తనే గెలిచినట్టు.

సన్యాసమ్మ ఆ చిటికెనవేలిని ఇంకో చేత్తో మూసి పట్టుకుని షెడ్డు దాకా అలాగే నడిచింది.

షెడ్డులో మిగతా ఏడుగురూ అప్పటికే చేతులు కడుక్కుని గుమ్మం దగ్గర వరసలో కూర్చున్నారు. "మాయి కూడా సూడమ్మా" అన్నారు. పది గంటలకి మొదలుపెట్టాను. ఒక్కొక్కరివి పది వేళ్ళు. తీయడం, పెద్దది చేయడం, చూడటం. అంత దగ్గర్లో కెమెరా ఫోకస్ కోసం వెతుక్కునేది, తడబడేది, కోపం వచ్చేది. కానీ ఒక్కసారి పట్టుకుందంటే వేలి మీద రంధ్రాలు కూడా లెక్కపెట్టొచ్చు. కాగితం మీద పేరు, పక్కన వేలు రాసిచ్చాను. ఒకామెకి కుడి ఉంగరంవేలు, ఇంకొకామెకి రెండు చిటికెనవేళ్ళూ. కాగితం అందుకున్నవాళ్ళు అందుకున్నట్టే డీలరు దగ్గరికి పరిగెత్తి, వస్తూ దూరం నుంచే వేలు పైకెత్తి చూపించేవారు. మధ్యాహ్నం ఎప్పుడైందో నాకు తెలియదు. మూడు గంటలు ఒకేచోట కూర్చున్నానని కాళ్ళు తిమ్మిరెక్కితే తెలిసింది.

ఆఖరున అప్పలకొండ. పదీ చూశాను. మళ్ళీ చూశాను. ఆమె ముప్ఫై ఏళ్ళుగా ఈ పనే చేస్తోంది.

"లేవా అమ్మా?"

"లేవు."

"ఒక్కటీనా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో అన్నట్టు చూసింది. నిన్నటిలా లేచి వెళ్ళిపోవడానికి నాకు కాళ్ళు రాలేదు. కళ్ళతో కూడా చూసే మిషన్ ఉంటుందని ఎక్కడో విన్నాను. "రండి, అడుగుదాం" అన్నాను. ముందు, వేళ్ళ ఫొటోలన్నీ వాళ్ళ ఎదురుగానే చెరిపేశాను. ఒకరి వేలిగీతలు అద్దె కెమెరాలో ఉండకూడదు.

డీలరు షాపు

కంటి మిషన్ ఉందా అంటే సోమునాయుడు గారు తల గోక్కుని, బీరువా పైనుంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె దించారు. "ఎవులూ అడగలేదండి. అలగుండిపోనాది." వైరు తగిలించి, తుడిచి, ఫోన్లో ఎవరినో అడిగి అరగంటలో పనిచేయించారు. ఈలోగా షెడ్డులో ఆడవాళ్ళంతా వచ్చి దుకాణం నిండిపోయారు.

అప్పలకొండ స్టూలు మీద కూర్చుంది. మిషన్ కళ్ళ ముందుకి రాగానే రెప్ప మూసింది. రెండోసారీ మూసింది. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగి, తల వెనక్కి లాగేసుకుంది.

"రెప్ప ఆర్పకే!" అని ఏడుగురూ ఒక్కసారి అరిచారు.

"మీరలగ అరిస్తే ఎలగే, బయమేస్తన్నాది!"

"భయం లేదు, నేనున్నాను. గోడ మీద ఆ బల్లి ఉంది చూడండి, దాన్నే చూస్తూ ఉండండి" అన్నాను. ఆమె చూసింది. మిషన్ కూత పెట్టింది. సోమునాయుడు గారు తెర చదివి, పేరు గట్టిగా పిలిచారు, మొత్తం ఇంటిపేరుతో సహా. అప్పలకొండ "ఆయ్, నానే!" అంది.

పాయకరావుపేట

పాయకరావుపేట చేరేసరికి సాయంత్రం అయిదు. తాండవలో నీళ్ళు లేవు, ఇసుకలో గేదెలున్నాయి. వంతెన అవతల తునిలో బండెక్కాలి. టీ తాగుతుంటే మా ఆయన ఫోన్.

"తేలిందా?"

"తేలిందండీ. దీన్నొక్కదాన్నే నమ్ముకుని పెళ్ళి ఒప్పుకోలేం. బ్యాటరీ నిలవదు, దూరం అందదు. కానీ దగ్గర్లో దీని కన్ను నా కన్ను కన్నా మంచిది. కొత్తది మనవల్ల కాదు, వాడినది ఎక్కడైనా దొరుకుతుందేమో చూద్దాం. పెద్దవాటిలో ఒకటి అమ్మేద్దాం, రెండోది అమ్మొద్దు."

"దాన్ని ఎవరు మోస్తారు?"

"మీరు. కంప్యూటరు ముందునుంచి లేచి నాతో రండి. దూరం మీది, దగ్గర నాది."

ఆయన నవ్వారు, కాదనలేదు. తర్వాత అప్పలకొండ సంగతంతా చెప్పాను. చిన్నపిల్లాడిలా విన్నారు.

"ఆవిడ కన్ను మిషన్ ఒప్పుకున్నప్పుడు తీసిన ఫొటో పంపు శారదా, చూస్తాను."

"అది లేదండీ."

"అదేమిటి? చేతిలో అంత కెమెరా పెట్టుకుని!"

"చేతిలో లేదు, సంచిలో ఉంది. ఆవిడ తల కదిలిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నది నేనే."